రబ్బరు లేని శనివారాలు

నేను మొదటిసారి డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష రాసింది బాపట్లలో, ఎనభైల మధ్యలో. నాకప్పుడు ఇరవయ్యొకటో ఏడు. ఆ పరీక్ష పాసైతే డ్రాయింగ్ టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెనాలిలో మా వీధిలో నా చేతి ముగ్గులకీ, కేలెండర్లు చూసి నేను గీసిన బొమ్మలకీ మంచి పేరే ఉండేది. అందుకని నేను తప్పుతానని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నాకు మాత్రం హాల్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ అరచేతులకు చెమటలు పడుతూనే ఉన్నాయి.

ఎదురుగా బల్ల మీద ఒక ఇనప బకెట్టు, దాని పక్కన ఇటుక, ఇటుకకు ఆనించి చీపురు పెట్టారు. రెండున్నర గంటల్లో వాటిని చూసి గీసి, వెలుగునీడలు దిద్దాలి. నేను బకెట్టు అంచుతో మొదలుపెట్టాను. వంకరగా వచ్చింది. చెరిపాను. మళ్ళీ గీస్తే ఈసారి వెడల్పయింది. మళ్ళీ చెరిపాను. గంట గడిచేసరికి ఆ అంచు ఉన్నచోట కాగితం మీద నూగు లేచింది. ఇంకో గంటకు చిరిగింది. ఆఖరి బెల్లు కొట్టేటప్పటికి నా కాగితం మీద సగం బకెట్టు, ఒక చిరుగు ఉన్నాయి. ఇటుక లేదు, చీపురు లేదు.

కాగితాలు తీసుకోవడానికి వచ్చినావిడ యాభై దాటిన మనిషి. తెల్లటి నేత చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. ఆవిడ నా కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి చిరుగులోంచి వెలుతురు చూసింది. నేను ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డాను.

"ఎన్నిసార్లు చెరిపావమ్మా?" అంది.

"తెలీదండి."

ఏ ఊరని అడిగితే తెనాలని చెప్పాను. ఆవిడ మిగతా కాగితాలు కూడా సర్దుకుని, అందరూ బయటికి వెళ్ళేదాకా ఆగి, నాతో మెల్లగా అంది: "మాది రేపల్లె. రైలు దిగి డ్రాయింగ్ టీచరమ్మ ఇల్లెక్కడంటే ఎవరైనా చెప్తారు. శనివారం మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాను, రా. కాగితాలు నేనే ఇస్తాను. రబ్బరు మాత్రం తీసుకురాకు."

పరీక్ష పోయిందని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఫలితాలు వచ్చాక ఇంట్లో వాళ్ళకూ తెలిసింది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన నాటకాల తెరలు రాసేవాడు. రాజదర్బారు, అడవి, వీధి, పూరింటి ముంగిలి, ఏదైనా సరే బారెడు బారెడు గుడ్డల మీద రంగుల్లో లేపేవాడు. తెరలకు గిరాకీ పడిపోయాక ఫోటోలు చూసి పెద్ద బొమ్మలు గీసిచ్చే పనిలోకి మారాడు. పోయినవాళ్ళవీ, పెద్దవాళ్ళవీ చిన్న ఫోటోలు తెచ్చి ఇస్తే వాటి మీద సన్నటి గళ్ళు గీసి, అన్నే గళ్ళు పెద్ద అట్ట మీద గీసి, గడికి గడి చూసుకుంటూ నల్లపొడితో బొమ్మ దించేవాడు. వెంట్రుకంత తేడా ఆయనకు కనిపించేది. నేను ఆరేడేళ్ళప్పటి నుంచీ ఆ గళ్ళు గీసిపెట్టేదాన్ని. తర్వాత్తర్వాత చెవులూ, చొక్కా మడతలూ నాకు వదిలేవాడు. నేను తప్పు గీస్తే ఆయన ఒక్క మాట అనేవాడు కాదు. పక్కనున్న గుడ్డముక్క తీసుకుని తుడిచేసి, తనే గీసుకునేవాడు. తిట్టినా బాగుండేదేమో. ఆ గుడ్డ చప్పుడు కోసం నా వీపు ఎప్పుడూ ఎదురుచూస్తూ ఉండేది. ఆయన ఇంట్లో లేనప్పుడు కూడా ఆయనకంటే ముందు నేనే చెరిపేసుకోవడం అలా అలవాటైంది.

రేపల్లె వెళ్తానంటే నాన్న కాదనలేదు. పరీక్ష గదిలో ఉన్న టీచరుగారు పిలిచారంటే అందులో ఏదో కిటుకు చెప్తారనుకున్నాడు. శనివారం పొద్దున్నే వంటలో అమ్మకు సాయం చేసి, అన్నం తిని, రేపల్లె ప్యాసింజరు ఎక్కాను.

టీచర్ గారిది రెండు గదుల పెంకుటిల్లు. వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక పక్క గిలకబావి, దాని దగ్గర కోళ్ళు. ఆవిడ బల్ల మీద ఒక అలారం గడియారం పెట్టింది. పాత పరీక్ష పేపర్లు, వెనకవైపు తెల్లగా ఉన్నవి, కట్టగా కట్టి ఉంచింది. పెన్సిలుకు బదులు పొయ్యిలో కాల్చిన వేపపుల్లల బొగ్గు ఇచ్చింది.

"ఆ కోడిని గీయి. నీకు ఒక నిమిషం," అంది.

కోడి నడుస్తోందన్నాను. నడవనీ అంది. నేను ముక్కు గీసేలోపు అది తిరిగింది. తోక గీద్దామంటే బావి వెనక్కి పోయింది. "అయిపోయింది," అని ఆవిడ కాగితం లాగేసి ఇంకోటి పెట్టింది. బిందె, ఒక నిమిషం. ఆరేసిన చీర, ఒక నిమిషం. మళ్ళీ కోడి, ఈసారి అర నిమిషం. ఆ పూట ముప్పై దాకా గీశాను. ఒక్కటీ బొమ్మలా లేదు. నాలుగు గంటలకు ఆవిడ టీ పెట్టడానికి లేచి, ఆ కాగితాలన్నీ చేతికి తీసుకుని, రెండేసి మూడేసి నలిపి పొయ్యి రాజేసింది.

నాకు మొహం మీద కొట్టినట్టయింది. ఎంత చెత్తగా గీసినా అవి నా చేతివి. ఆవిడ మంట వైపే చూస్తూ అంది: "వచ్చే నెల దాకా నువ్వు గీసినవన్నీ ఇలాగే పోతాయి. నువ్వు చూడవు, నేను చూడను. ఇంక భయం ఎవరికోసం చెప్పు?"

తిరుగు రైల్లో కూర్చున్నాక ఆ మాట మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. మొదట కోపం వచ్చింది. వేమూరు దాటేసరికి ఎందుకో తెలియని తేలిక. ఆ రోజు నేను గీసిన ముప్పై తప్పుల్లో ఒక్కటి కూడా ఇప్పుడు ఎక్కడా లేదు. ఎవరూ వాటిని పట్టుకుని వెలుతురులో చూడరు. నెత్తిమీద గంపను ఎవరో చెయ్యి వేసి దించినట్టుంది.

నిమిషం లెక్క ఎందుకో ఆవిడ ఒకసారి చెప్పింది. బళ్ళో చిన్నపిల్లల్ని గీయాలని కూర్చుంటే వాళ్ళు కదలకుండా ఉండేవాళ్ళు కాదట. ముక్కు అందంగా దిద్దేలోపు పిల్ల మాయం. అందుకని ముందు పిల్ల మొత్తాన్నీ ఒక్కసారి చూసి, ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, అది పట్టుకోవడం నేర్చుకుందట. ముక్కు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, మనిషి నిలబడ్డ తీరు పోతే ఎంత మంచి ముక్కు పెట్టినా దండగ అనేది. తీరిక ఉంటే చెయ్యి భయపడుతుంది, తీరిక లేకపోతే కన్ను పనిచేస్తుంది అని కూడా అనేది.

రెండో నెల నుంచి కాగితాలు కాల్చడం మానేసింది. ఒక నిమిషం బొమ్మలు పది, రెండు నిమిషాలవి అయిదు, చివర్లో పది నిమిషాలది ఒకటి. అదీ వరస. వరండా ముందు నుంచి చేపల గంపలతో వెళ్ళేవాళ్ళనీ, ప్రార్థన కూటానికి వెళ్ళే ఆడవాళ్ళనీ, సైకిలు చైను వేసుకుంటున్న పోస్టుమానునీ గీశాను. ఆవిడా నా పక్కన కూర్చుని అదే నిమిషంలో అదే మనిషిని గీసేది. ఆవిడవి కూడా ఒక్కోసారి పాడయ్యేవి. పాడైతే "ఈసారి ఈయన నా చేతికి చిక్కలేదు" అని నవ్వి పక్కన పెట్టేది. పెద్దవాళ్ళ గీత తప్పడం నేను అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు.

రైల్లో కూడా మొదలుపెట్టాను. ప్యాసింజరు ప్రతి స్టేషన్లో ఆగేది కదా, ఆగినంతసేపట్లో ప్లాట్‌ఫాం మీద ఎవరు కనిపిస్తే వాళ్ళు. బండి కదిలితే ఆపెయ్యాలి. ఒకసారి భట్టిప్రోలులో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుని, నేను బొగ్గుముక్క పట్టుకుని ఏం చేస్తున్నానో వంగి చూసింది. ఆ కాగితం మీద ఉన్నది తనే అని పోల్చుకుంది.

"నా చెవి కమ్మలేవమ్మా?" అంది.

"టైం చాల్లేదండి పిన్నిగారూ."

"ఇప్పుడు పెట్టరాదూ? నేనెక్కడికీ పోవట్లేదుగా," అని చెవి నా వైపు తిప్పి కూర్చుంది. తెనాలి వచ్చేలోపు కమ్మలు పెట్టి, ఆవిడ అడిగితే ఆ కాగితం ఆవిడకే ఇచ్చేశాను. నా బొమ్మ ఒకటి ఎవరైనా అడిగి తీసుకోవడం అదే మొదలు.

నాన్నకు ఇవేవీ నచ్చలేదు. నేను ఇంటికి తెచ్చిన కాగితాలు ఒకరోజు తిరగేసి, కోడి గీకినట్టున్నాయని తిరిగి అక్కడే పెట్టాడు. కానీ మరుసటి శనివారం కూడా వెళ్ళాను.

ఆ చలికాలంలో సంగం జాగర్లమూడి నుంచి ఒక రైతు మా ఇంటికి వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. కొత్త ఇల్లు కట్టుకున్నాడు. హాల్లో వాళ్ళమ్మ బొమ్మ పెట్టుకోవాలని ఆశ. మూడు ఫోటోలు తెచ్చాడు. మూడింటిలోనూ ఆవిడ పోలీసుల ముందు నిలబడ్డట్టు బిగుసుకుని ఉంది. ఒకదాంట్లో కళ్ళు మూసుకుంది కూడా. నాన్న ఉన్నవాటిలో మంచిది ఎంచుకుని, గళ్ళు గీసి, పదిహేను రోజులు కూర్చుని బొమ్మ పూర్తిచేశాడు. ఫోటోలో ఉన్న ప్రతి ముడతా అందులో ఉంది.

ఆ రైతు వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తల గోక్కున్నాడు. చివరికి అన్నాడు: "పని మాత్రం గొప్పగా ఉందండి. కానీ మా అమ్మ కాదండి."

నాన్న గీసిన ఏ బొమ్మా అంతకు ముందు వెనక్కి రాలేదు. ఆయన ఆ రోజు భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఫోటో పక్కన బొమ్మ పెట్టుకుని గడికి గడి మళ్ళీ చూసుకున్నాడు. తప్పు దొరకలేదు. రెండోరోజు సాయంత్రం నేనే ధైర్యం చేసి, నాన్నా, ఆవిణ్ణి ఒకసారి చూసొద్దాం, నేను గీస్తాను అన్నాను. ఆయన మర్నాడు పొద్దున్నే సైకిలు బయటికి తీసి, ఎక్కమన్నాడు.

కాలవగట్టు మీదుగా వెళ్ళాం. మేం వెళ్ళేసరికి ఆ ముసలావిడ పెరట్లో మినుములు చెరుగుతోంది. కొడుకు కుర్చీ వేసి కూర్చోమంటే, ఊరికే కూర్చోడానికి నాకేం జబ్బు చేసింది అని చేట వదల్లేదు. నాన్న మొహం వాడిపోయింది. నేను ఆవిడ పని ఆపక్కర్లేదని చెప్పి, గోడవార కూర్చుని కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను. నాన్నను చేతి గడియారం చూసి నిమిషం అవగానే చెప్పమన్నాను.

మొదటిసారి ఆయన చెప్పలేకపోయాడు. నేను ఇంకా చెయ్యి గీయలేదని ఆగిపోయాడు. "చెప్పు నాన్నా" అంటే అప్పుడు, ఇష్టం లేకుండానే, "అయిపోయింది" అన్నాడు. కాగితం పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాను. ఆవిడ చెరుగుతోంది, వంగి ఏరుతోంది, దూడను అదిలిస్తోంది, నడుం మీద చెయ్యేసుకుని కోడలికి ఏదో చెప్తోంది. ఆ ఉదయం నా చెయ్యి ఆగలేదు. పోయినవి పోతున్నాయి, వచ్చినవి వస్తున్నాయి. ఏడెనిమిది అయ్యేసరికి నాన్న గొంతు మారింది. ముల్లు చుట్టు తిరిగీ తిరగ్గానే "అయిపోయింది" అంటున్నాడు, నేను పడేసిన కాగితాలు గాలికి పోకుండా ఏరి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు.

పాతిక దాటాక ఆపేశాం. ఆయన మంచం మీద కూర్చుని అన్నీ ఒకటొకటిగా చూశాడు. ఒక దాని దగ్గర ఆగాడు. చేట చంకన ఇరికించుకుని, గడ్డం పైకెత్తి, గేటు దగ్గర ఎవరినో కేకవేయబోతూ ఆవిడ నోరు సగం తెరిచి ఉంది. మొత్తం కలిపితే పదిహేను గీతలుంటాయేమో.

"ఇదీ," అన్నాడు నాన్న.

ఇంటికొచ్చి ఆ చిన్న బొమ్మ మీదే గళ్ళు గీశాడు. పెద్ద అట్ట మీద నాలుగైదు రోజులు పనిచేశాడు. చీర, చేట, చేతులు అన్నీ బాగా కుదిరాయి. నోటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండుసార్లు తుడిచాడు. ఎంత దిద్దితే అంత బిగుసుకుంటోంది. మూడోసారి బొగ్గు నా చేతికిచ్చి పక్కకు జరిగాడు.

ఆయన ముందు, ఆయన బొమ్మ మీద, నేను గీయాలి. పాత భయం ఒక్కసారి మెడ మీదికి వచ్చింది. కళ్ళు మూసుకుని ఆ పెరడు, ఆ గేటు, ఆ కేక గుర్తు తెచ్చుకున్నాను. ఒక్క ఊపులో పై పెదవి, కింది పెదవి, పక్కన చిన్న నీడ. అయ్యాక వెనక్కి తిరిగి చూడలేదు. గుడ్డ చప్పుడు వస్తుందని చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఎంతసేపటికీ రాలేదు. తిరిగి చూస్తే నాన్న చేతులు కట్టుకుని బొమ్మనే చూస్తున్నాడు.

"ఇంక ముట్టుకోకు. చాలు," అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి గ్లాసెడు మంచినీళ్ళు తాగాను.

బొమ్మ ఇవ్వడానికి ఇద్దరం వెళ్ళాం. రైతు దాన్ని చూడగానే నవ్వాడు. వాళ్ళమ్మను చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చాడు. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, "ఎవర్ని తిడుతున్నానురా?" అంది.

"నన్నే గదమ్మా," అన్నాడు కొడుకు. "చిన్నప్పట్నుంచీ రోజూ చూసే మొహమే."

వచ్చేటప్పుడు కాలవగట్టు మీద నాన్న సైకిలు నెమ్మదిగా తొక్కాడు. కొంచెం దూరం వెళ్ళాక, వచ్చే శనివారం రేపల్లె వెళ్తే మీ టీచరుగారికి నా నమస్కారం చెప్పు అన్నాడు. ఆయన వెనక కూర్చున్నాను కాబట్టి నా మొహం ఆయనకు కనపడలేదు. చాలా మంచిదైంది.

రెండోసారి పరీక్షకు వెళ్ళింది కూడా బాపట్లకే, వేరే బడి. ఈసారి బల్ల మీద మడత కుర్చీ, దాని మీద కిరసనాయిలు లాంతరు, కుర్చీ చేతి మీద నుంచి వేలాడే తువ్వాలు. కుర్చీ కాళ్ళు చూసి పక్కమ్మాయి నిట్టూర్చింది. రఫ్ కాగితం తీసుకుని, గోడ గడియారం చూసుకుంటూ, నిమిషానికొకటి చొప్పున అయిదుసార్లు మొత్తాన్నీ గీశాను. మొదటిది ఘోరం. రెండోదాంట్లో కుర్చీ పడిపోయేట్టుంది. నాలుగోదానికి తువ్వాలు బరువుగా వేలాడింది. అయిదోది అయ్యేసరికి ఆ వస్తువులు నాకు తెలిసినవైపోయాయి. అప్పుడు అసలు కాగితం ముందుకు లాక్కున్నాను.

గీతలు అన్నీ సరిగ్గా పడలేదు. లాంతరు గాజు కొంచెం ఓ పక్కకు ఒరిగింది. దాన్ని చెరపలేదు. దాని పక్కనే సరైన గీత వేసి, నీడలో మొదటిదాన్ని కలిపేశాను. అంతా అయ్యాక గడియారం చూస్తే ఇంకా అరగంట ఉంది. ఆ అరగంట ఏం చెయ్యాలో నాకు తోచలేదు. కాగితాలు తీసుకునే సార్ రెండుసార్లు వచ్చి ఇంకా టైముందమ్మా అని గుర్తుచేశాడు. అయిపోయిందండి అని చెప్పాను. ఆ మాట పైకి అనడం ఎంత బాగుందో! రెండోసారి ఆయన అడగకపోయినా చెప్పేదాన్నేమో.

బయటికొచ్చి స్టేషన్ దాకా నడిచాను. ప్లాట్‌ఫాం మీద బల్లపై కూర్చుని రెండు ఇడ్లీ పొట్లాలు తిన్నాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. తెనాలి బండి ఎక్కి కూర్చున్నాక ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు. పక్కనున్న పెద్దాయన తట్టి లేపకపోతే విజయవాడ వెళ్ళిపోయేదాన్ని.

పాసయ్యాను. గొప్ప మార్కులేం కాదు. ఆ ఫలితం పట్టుకుని రేపల్లె వెళ్తే టీచర్ గారు మార్కులు అడగనే లేదు. కాగితం మొత్తం నిండిందా అని అడిగింది. నిండిందన్నాను. ఇంక కూర్చో, టీ తాగుదాం అంది.

ట్రైనింగు అయ్యి, ఉద్యోగం రావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. తొంభైల మొదట్లో బాపట్ల దగ్గర ఒక ఆడపిల్లల బడిలో చేరాను. మొదటిరోజు ఎనిమిదో తరగతి. యాభై మంది దాకా ఉన్నారు. బోర్డు మీద ఏదైనా వేసి చూపించండి టీచర్ అన్నారు. వాళ్ళ హెడ్మిస్ట్రెస్ గారు కూడా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కిటికీలోంచి చింతచెట్టు కింద కట్టేసిన మేక ఒకటి కనిపించింది. సుద్దముక్క తీసుకుని దాన్ని వేశాను. సగంలో అది లేచి అటు తిరిగింది, నా బొమ్మలో కాళ్ళు కలవలేదు. ముందు బెంచీలో ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. దాని పక్కన ఖాళీ ఉంటే అక్కడ ఇంకో మేకను మొదలుపెట్టాను.